జాజికాయకి పాత పేరు

బందా సముద్రంలో మా దీవులు
ఎవరో తింటూ తింటూ ఉమ్మేసిన గింజల్లా ఉంటాయి.
నెయిరా, లోంతోర్, ఆయ్, రున్, హత్తా,
నడుమ నిద్ర నటించే నిప్పుకొండ.
తూర్పుకి ఇంకాస్త పోతే
ఏ తాడుకీ అందని లోతు.
ఏడాదికి రెండుసార్లు, చీకటి రాత్రుల్లో
సముద్రం విరిగిన పాలలా తెల్లబడుతుంది.
అప్పుడు వల వేస్తే చేప కనపడదంటారు పెద్దలు.
నాకొకసారి కనపడింది. ఎవరికీ చెప్పలేదు.

నా పేరు లా జుమూ.
పడవ నాది. ఇంజను అప్పుది.

మా తాత బూటన్ నుంచి వచ్చాడు, కూలికి.
ఆయనకి ముందు ఈ తోటల్లోకి
ఎవరెవరినో దింపారు:
తిమోర్ వాళ్ళని, జావా ఖైదీల్ని,
ఎక్కడో బంగాళాఖాతం రేవుల్లో
బియ్యం బస్తాల పక్కన నిలబెట్టి కొన్న మనుషుల్ని.

మరి వాళ్ళందరికంటే ముందున్న వాళ్ళు?

బడిలో అది సగం పేజీ.
పదహారు వందల ఇరవై ఒకటి. డచ్చివాళ్ళ ఓడలు.
నలభై నాలుగు మంది పెద్దమనుషుల్ని
వెదురు దడిలోకి తోలారు. వాన పడుతోందట.
ఏడాది తిరిగేసరికి పదిహేను వేల మందిలో
వెయ్యిమంది మిగిలారు.
మా పంతులు సుద్దముక్క కింద పెట్టి
చేతులు దులుపుకుని, "తర్వాతి పేజీ" అన్నాడు.
కోట గోడకి ఆ సాయంత్రం కూడా
మేం బంతి కొట్టాం.

కొందరు రాత్రికి రాత్రి పడవలెక్కి
కేయ్ దీవులకి తప్పించుకున్నారు.
సామాను సర్దుకునే వ్యవధి ఎక్కడిది?
నోట్లో ఉన్నదే తీసుకెళ్ళారు.
అందుకే బందా భాష ఇప్పుడు బందాలో లేదు.
అక్కడ, బందా ఏలీ అనే ఊళ్ళో
పిల్లలు దాంతో పోట్లాడుకుంటున్నారు.

పోయిన తూర్పుగాలి రోజుల్లో
ఆ ఊరినించి ఒకావిడ వచ్చింది, రుగయా సలామున్.
లోంతోర్ గుట్టమీది పాతబావి చూడాలట.
చేతిలో టీ ఫ్లాస్కు. అరవై దాటిన మనిషి.
కిరాయి దగ్గర నాతో పావుగంట బేరమాడింది.
మెట్లు మాత్రం నాకంటే ముందు ఎక్కేసింది.

పైన తోటలో వా హినీ
బుట్టకట్టిన గడతో కాయలు దింపుతోంది.
ఒకటి విప్పి ఆమె అరచేతిలో పెట్టింది:
పసుపు కండ, దానిలో
ఎర్ర అల్లికలా జాపత్రి,
అల్లిక సందుల్లోంచి తడి మెరుపుతో నల్లగింజ.

"దీన్ని మీ భాషలో ఏమంటారమ్మా?" అన్నాను.
నాలుగు వందల ఏళ్ళుగా
ఈ చెట్టుని ఎవరూ దాని పేరుతో పిలవలేదు కదా,
వింటుందేమోనని.

ఆమె తలూపింది. "మా దగ్గర ఈ చెట్టు లేదు.
చెట్టు లేనిచోట పేరెవరికి కావాలి?"
జాపత్రి ఒలిచింది. గింజని వేళ్ళ మధ్య దొర్లించింది.
దొర్లిస్తూ దొర్లిస్తూ ఆగిపోయింది.
మెల్లగా వంగి, చీర్ల పేట మీద కూచున్నదల్లా
లుంగీ అంచు జరిపి
తన చీలమండ ఎముక పట్టుకుంది.
ఒక మాట అంది. చిన్న మాట, రెండక్షరాలు.
"మేం దీన్ని అలా అంటాం.
మా అమ్మమ్మ నడవలేక
రాత్రంతా ఆ మాటే మూలిగేది."

వా హినీ గడ కిందికి దించింది.

తిరుగు పడవలో ఆ మాట మళ్ళీ చెప్పమన్నాను.
నేను పలికితే దీర్ఘం తప్పిందని నవ్వింది.
మూడుసార్లు దిద్దింది. నాలుగోసారి
ఇంజను హోరులో ఏం విన్నదో, సరేనంది.
దిగేటప్పుడు బేరమాడిన కిరాయే ఇచ్చింది,
పైసా ఎక్కువ కాదు.

ఆ రాత్రి మా ఆవిడ నిద్రపోయాక
ఒక జాజికాయ తెచ్చి
నా చీలమండ పక్కన పెట్టి చూసుకున్నాను.
సరిపోలేదు.
ఎముకే కాస్త పెద్దది.
నేను బూటన్ వాణ్ణి కదా.